యాకమ్మకు నేను చదవని చివరి భాగం

నలభై ఏళ్ళుగా ఒక కథ చివరి భాగాన్ని గొంతులో పెట్టుకొని బతుకుతున్నాను. మింగలేకపోయాను. కక్కలేకపోయాను. నా భర్తకు తెలియదు, తెలియకుండానే పోయాడు. నా కొడుకుకు తెలియదు. తెలియవలసిన మనిషి ఒక్కతే ఉండేది. ఆమె పోయిన కార్తీకంలో పోయింది. ఇక ఎవరికి చెప్పినా ఒకటే. అందుకే, ఎవరో తెలియని మీకు చెబుతున్నాను.

నేను మూడో తరగతి వరకే చదివాను. ఆ తర్వాత మా నాయిన పలక తీసేసి చేతికి బర్రెలు కాసే కట్టె ఇచ్చాడు. చదవడం మాత్రం వదల్లేదు. వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదువుతాను. రాయడం అంతకన్నా కష్టం. మనవరాలు పారేయబోయిన నోటుబుక్కుల్లో వెనక మిగిలిన తెల్లకాగితాలు చింపుకొని రాస్తున్నాను. అక్షరం తప్పితే సర్దుకొని చదవండి.

నేను మెత్తని మనిషిని కాను. అరిగిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికించి వాడతాను. మెతుకు కింద పడితే పిల్లల చేతనే తీయించి తినిపించాను. అబద్ధమంటే అసలే పడదని ఊరంతా చెప్పుకుంటారు. నా కొడుకు చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి, పోయి వచ్చానని చెప్పాడు. నేను అట్లకాడ కాల్చాను. అబద్ధం ఆడిన నాలుక మీదనే వాత పెడతానన్నాను. నా ఆడబిడ్డ యాకమ్మ అడ్డం వచ్చి వాణ్ణి ఎత్తుకుంది. బయటికి పోతూ నా ముఖం వైపు ఒక్కసారి చూసింది. ఏం చూపు అది? తెలిసిన చూపా, మామూలు చూపా? ఆ చూపును ఇప్పటికీ తిప్పి తిప్పి చూసుకుంటున్నాను.

యాకమ్మ నా భర్తకు చెల్లెలు. జనగామ పక్కన మా ఊరు. ఆమెను మానుకోట దిక్కు ఇచ్చారు. పెళ్ళయిన నాలుగో ఏడు పొలంలో పిడుగు పడి ఆమె భర్త చనిపోయాడు. పిల్లలు లేరు. ఒక ట్రంకు పెట్టె, ఒక ఇత్తడి బిందె పట్టుకొని మా ఇంటికి వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై ఆరో, ఇరవై ఏడో. నాకన్నా మూడేళ్ళు చిన్న. వచ్చిన మర్నాడు పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చింది. ఊడవమని ఎవరూ చెప్పలేదు. వద్దనీ ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆమెకు చదువు రాదు. నాకు వచ్చిన ఆ కాస్త చదువే ఆమెకు పెద్ద చదువు. మా ఊరి సారు ఇంటికి వారపత్రిక వచ్చేది. వాళ్ళు చదివి పక్కన పెట్టాక, ఆయన భార్యకు చెంబెడు మజ్జిగ పోసి తెచ్చుకునేదాన్ని. కొత్తది కొనే అలవాటు నాకు లేదు. వారం పాతదైతే కథ పాచిపోతుందా? మధ్యాహ్నం అన్నాలు అయ్యాక పెరట్లో రేకుల కింద కూర్చునేవాళ్ళం. నేను చదివేదాన్ని, ఆమె వినేది. ఉట్టి చేతులతో కూర్చొని వినడం మా ఇంట్లో లేదు. పత్తి కాలంలో ఆమె పత్తికాయలు వలిచేది. మిరప కాలంలో తొడిమెలు తీసేది. ఎండలు మొదలైతే చింతపండు కొట్టి గింజ తీసేది. ఏ భాగం ఏ నెలలో చదివామో నాకు గుర్తు లేదు. ఆమె చేతిలో ఏముందో గుర్తుంది.

ఆ పత్రికలో ఒకామె సీరియల్ రాసేది. మా ఇద్దరికీ ఆమె అంటే ప్రాణం. ఆమె ముఖం ఎట్లా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు, ఏ ఊరో తెలియదు. అయినా మా ఇంటి మనిషే అనుకునేవాళ్ళం. ఆమె రాసినవన్నీ చదివాం. ఒక్కటి మాత్రం వారం వారం కాగితాలు విప్పి, దబ్బనానికి జనపదారం ఎక్కించి కుట్టి దాచాను. ఏడాది పైన నడిచింది అది. దాని అసలు పేరు పొడుగ్గా ఉండేది. మేము రేవు కథ అనేవాళ్ళం.

ఎక్కడా లేని ఒక ఊరు ఆ కథలో. పక్కన పెద్ద నది. ఆ ఊళ్ళో మనిషి నీడ కూడా మనిషి లాంటిదే. పెళ్ళైతే మొగుడి నీడా పెళ్ళాం నీడా ముడిపడతాయి. మొగుడు చస్తే అతని నీడతో పాటు పెళ్ళాం నీడా మాయమైపోతుంది. అట్లా నీడ పోయిన పడుచు ఒకతి, మేదిని. ఎండలోకి వస్తే తనకు నీడ లేదని అందరికీ కనబడుతుందని ఇంటి వెనకే ఉంటుంది. ఆ ఇంట్లో తాళాలు పెట్టుకొని తిరిగే పెద్దామె ఒకతి ఉంటుంది. నది అవతలి నుంచి కుండలు అమ్మే మనిషి పడవలో వస్తుంటాడు. మా దిక్కు ఎండ మెత్తగా ఉంటుంది, పోయిన నీడ మళ్ళీ మొలుస్తుంది, వస్తే రా అని ఒక్కసారి అంటాడు. మళ్ళీ అడగడు. పోవాలా, ఉండాలా అని మేదిని ఆలోచిస్తూనే ఉంటుంది. కథంతా అదే.

రాక్షసులు లేరు, యుద్ధాలు లేవు. ఒక వారం మొత్తం ఆమె రాగి బిందె తోముతుంది. తోమి ఎండలో బోర్లిస్తే బిందెకు నీడ పడుతుంది. దాన్ని చూస్తూ నిలబడుతుంది. అంతే, ఆ వారం అయిపోయింది. మొదట్లో మాతో పాటు వినడానికి వచ్చిన పక్కింటి లచ్చమ్మ ఆ రోజు లేచి కొంగు దులుపుకుంది.

"ఏమైతలేదు గదనే గా కథల. బిందె తోముడు గూడ సదువుతరా ఎవలన్న?"

"మన బతుకుల రోజూ ఏమైతున్నదక్కా, కథల అయితానికి? కూసుంటే కూసో, లేకుంటే పోయి నీ బిందె తోముకో," అంది యాకమ్మ.

లచ్చమ్మ మళ్ళీ రాలేదు. మేమిద్దరమే మిగిలాం. నాకు అదే బాగుండేది.

మేదిని అట్లా ఎటూ తేల్చుకోలేకుండా ఉన్న రోజుల్లోనే యాకమ్మకు మారుమనువు మాట వచ్చింది. మాలో అది తప్పు కాదు. శివరాత్రికి కురవి జాతరకు పోయినప్పుడు, వీరభద్రస్వామి గుడి దగ్గర దూరపు చుట్టం ఒకామె ఎదురుపడి తన తమ్ముడు సాంబయ్య సంగతి చెప్పింది. వాళ్ళది ఘనపూర్. మా దగ్గరి స్టేషన్ ఘనపూర్ కాదు, ములుగు దాటి భూపాలపల్లి తోవలో ఉండేది. భార్య పోయింది. రెండెకరాల పొలం. తాగుడు లేదు. ఆయనా వచ్చి ఉన్నాడు. కొబ్బరికాయల దుకాణం దగ్గర నిలబడి యాకమ్మను ఒక్కసారి చూసి, ఆ తర్వాత తన చెప్పులనే చూసుకుంటూ ఉండిపోయాడు. యాకమ్మ నవ్వింది. మా ఇంటికి వచ్చాక ఆమె పళ్ళు కనబడేట్టు నవ్వడం నేను చూసింది అదే మొదలు.

నా భర్త, నీ ఇష్టం చెల్లె అన్నాడు. ఉగాదికి జవాబు చెప్పాలి. అడ్డం చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె ఒక్కతే తేల్చుకోవాలి. తిరుగు బస్సులో నా పక్కన కూర్చొని అడిగింది.

"గా మేదిని రేవు దాటుతదంటవా వదినె?"

"నాకేమెరుక. సదివితేనే తెలుస్తది."

"దాటితే నేను గూడ పోత. దాటకుంటే నీ పెరట్ల చింతపండు కొట్టుకుంట పడుంట."

నవ్వుతూనే అంది. కానీ అది ఉట్టిమాట కాదని నాకు తెలుసు. మా దిక్కు ఏ పని మీద బయలుదేరినా బల్లి పలికిందా, ఎదురు ఎవరొచ్చారు అని చూస్తాం. యాకమ్మ కథను చూసుకుంది. అంత పెద్ద సంగతిని, తాను చదవలేని కాగితాల మీద పెట్టింది. చదివేదాన్ని నేను కదా. అంటే నా మీద పెట్టింది.

ఉగాదికి పది రోజుల ముందు చివరి భాగం వచ్చింది. నాకొక అలవాటు ఉండేది. ఆమె ముందు తడబడితే చిన్నతనం కాబట్టి, సారు ఇంటి నుంచి వస్తూ పొలం గట్టు మీద కూర్చొని ఒకసారి లోపల చదువుకొని వచ్చేదాన్ని. ఆమెకు అది తెలియదు. మా వదినె గలగలా చదువుతుంది అనుకునేది. ఆ రోజు కూడా గట్టు మీద కూర్చున్నాను. మేదిని పడవ ఎక్కింది. నది దాటింది. అవతల దిగింది. ఆమెకు నీడ మళ్ళీ మొలిచేదాకా చదివి కాగితం మూశాను. ఇంకా ఒక అరపేజీ ఉంది. చదవలేదు. నాకు కావలసింది తెలిసిపోయింది.

ఆ గట్టు మీద నేను ఏమనుకున్నాను? ఇన్నేళ్ళూ నాకు నేను చాలా చెప్పుకున్నాను. ముక్కూ ముఖం తెలియని ఊరికి ఎట్లా పంపుతాం అనుకున్నానని చెప్పుకున్నాను. రెండో మనువులో సుఖం ఉండదని అనుకున్నానని చెప్పుకున్నాను. ఇవేవీ ఆ గట్టు మీద లేవు. తర్వాత తెచ్చి పెట్టుకున్నవి. అక్కడ ఉన్నవి రెండే. ఆమె పోతే పత్తికి, కలుపుకు, ఇద్దరు పిల్లలకు, ఇంటి చాకిరికి ఉన్న రెండు చేతులు పోతాయి. అది ఒకటి. రెండోది చెప్పడానికి ఇంకా సిగ్గు. మూడో తరగతి చదివిన నన్ను పెద్ద చదువరిలా చూసే మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. ఆమె పోతే మధ్యాహ్నం రేకుల కింద నేను ఎవరికి చదవాలి? నా గొంతు ఎవరు వింటారు? ఆమె మీద ప్రేమ వల్లే చేశానని కూడా అనుకోవచ్చు. ప్రేమ ఉన్నమాట నిజమే. ప్రేమ ఉంటే పడవ ఎక్కించాలి కదా.

గట్టు నుంచి మా ఇంటికి దూరం ఎంతో లేదు. వాకిట్లో అడుగుపెట్టేలోపలే నా మనసులో అంతా అయిపోయింది.

యాకమ్మ అప్పటికే చింతపండు ముందు వేసుకొని కూర్చుంది. నాకు పీట వేసి పెట్టింది. నేను పత్రిక తెరిచి వేలు పెట్టాను. మొదటి రెండు పేజీలు ఉన్నదున్నట్టే చదివాను. మేదిని పడవ ఎక్కినచోట నా నోరు వేరే తోవ పట్టింది. వేలు మాత్రం అచ్చు మీదనే నడుస్తోంది. వరస దిగుతోంది, పేజీ తిప్పుతోంది. నోరు అంటున్నది వేరు. నడి ఏట్లో పడవ ఒరిగిందని, నీడ లేని మనిషిని నది ఓర్వలేదని, నీళ్ళు తగలగానే మేదిని ఉప్పురాయిలా కరిగిపోయిందని, కుండలవాడు ఉట్టి పడవ తోలుకొని పోయాడని చదివాను. చదివానంటున్నాను చూడండి. ఇప్పటికీ ఆ మాటే వస్తోంది.

ఆమె చేతిలో సుత్తె ఆగింది.

"గంతేనా వదినె?"

"గంతే."

"పడవల ఇంకెవ్వలు లేరా? చెయ్యి ఇచ్చెటోళ్ళు?"

"లేరు."

"రాసినామె ఆడామెనే గదా. ఏడాది సంది తోలుకచ్చి, నడి నీళ్ళల్ల గట్లెట్ల ఇడిసిపెట్టింది?"

"నాకేమెరుక యాకమ్మా. ఉన్నదే సదివిన."

చింతగింజ ఒకటి వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది. ఆ తర్వాత మెల్లగా అంది.

"గా పడవ ఎక్కిన కాడి నుంచి ఇంకొక్కసారి సదువు."

మళ్ళీ చదవాలి. నేను చదివినది కాగితం మీద లేదు. మళ్ళీ వేలు పెట్టాను. పడవ ఒరిగింది. నది ఓర్వలేదు. బెల్లంగడ్డలా కరిగిపోయింది అన్నాను.

"మొదలు ఉప్పన్నవు," అంది యాకమ్మ.

"ఉప్పే. నోరు జారింది."

ఆమె నా ముఖం చూడలేదు. కాగితం మీద ఆగిన నా వేలు చూసింది. చాలాసేపు చూసింది.

"సరే తియ్ వదినె," అని సుత్తె తీసుకొని చింతపండు కొట్టడం మొదలుపెట్టింది.

ఆ భాగాన్ని నేను కుట్టలేదు. సాయంత్రం స్నానాల నీళ్ళు కాగే పొయ్యిలో పెట్టాను. దూడ నమిలిందని చెప్పాను. పాత క్యాలెండరు కాగితం కూడా పారేయకుండా డబ్బాల అడుగున పరిచే మనిషిని నేను. బతుకులో కావాలని కాల్చిన కాగితం అదొక్కటే.

ఉగాదికి సాంబయ్య అక్క జవాబు కోసం వచ్చింది. యాకమ్మ ఆమెకు చాయ ఇచ్చి, "నాకు గా దిక్కు నీళ్ళు పడయి అక్కా," అంది. అంతే. ఆ వచ్చినామె లేచిపోయాక గ్లాసు కడిగి బోర్లించి పత్తికట్టె విరవడానికి పోయింది.

సాంబయ్య మరుసటి ఏడు ఇంకొకామెను చేసుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు. తర్వాత ఎప్పుడో ఆ భార్యకు పక్షవాతం వస్తే, చచ్చేదాకా తనే అన్నం కలిపి తినిపించాడట. ఈ మాట ఒక పెళ్ళిలో విన్నాను. ఆయన తాగుబోతు అయి ఉంటే నాకు కొంచెం ఊపిరి ఆడేది. ఎన్నిసార్లు కోరుకున్నానో, ఆ మనిషి చెడ్డవాడని ఎవరైనా చెబితే బాగుండునని. ఎవరూ చెప్పలేదు.

యాకమ్మ మా ఇంట్లోనే ఉండిపోయింది. నా కొడుకును, బిడ్డను తనే పెంచింది. నలభై పత్తి పంటలు ఏరింది. అందరూ తిన్నాక తినేది. నేను కథలు చదువుతూనే ఉన్నాను, ఆమె వింటూనే ఉంది. ఒక్కటి మాత్రం మారింది. ఏ సీరియల్ అయినా చివరి వారం వచ్చేసరికి లేచేది. "నాకు పనున్నది వదినె, సివరిది నువ్వే సదువుకో," అనేది. ప్రతిసారీ అదే మాట. నేను ఎందుకని అడగలేదు. అడిగే ధైర్యం ఎక్కడిది?

ఇంతవరకు చెప్పింది పడుచుతనంలో చేసిన పని. ఆ వయసులో బుద్ధి లేదని మీరు అనవచ్చు. తర్వాతిది విన్నాక అనరు.

పోయిన దసరా సెలవులకు నా మనవరాలు అనూష హనుమకొండ కాలేజీ నుంచి వస్తూ ఒక పుస్తకం తెచ్చింది. రేవు కథే. మళ్ళీ అచ్చువేశారట. బాపమ్మా, నువ్వు ఎప్పుడూ చెప్పే కథ ఇదేనా అని నా ఒళ్ళో పెట్టింది. అట్ట మీద నది, పడవ. యాకమ్మ అప్పటికే మంచంలో ఉంది. గుండె నీరసం, కాళ్ళ వాపు. దవాఖానలో చూపించి ఇంటికి తెచ్చుకున్నాం. పుస్తకం చేతిలోకి తీసుకొని అట్ట మీది పడవను తడిమింది.

"పోరి, దీని సివరిది జర సదివిపెట్టు," అంది అనూషతో. నాతో కాదు.

"బస్సుకు టైమైతుంది యాకమ్మవ్వా. వచ్చే వారం వచ్చి మొత్తం సదువుత."

అనూష పోయింది. నేను ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి బియ్యం డ్రమ్ములో అడుగుకంటా దూర్చాను. డెబ్బై ఏళ్ళ మనిషిని. పత్తి ఏరే చేతులు పోతాయన్న భయం ఇప్పుడు లేదు. ఆమె ఎక్కడికీ పోయేది లేదు, పోయే కాళ్ళూ లేవు. అయినా దాచాను. ఎందుకు? నా అబద్ధం బయటపడుతుందని. అంతే. ఇంకే కారణమూ లేదు. మరుసటి వారం అనూషకు ఫోన్ చేసి, పరీక్షలున్నాయి కదా రావద్దని చెప్పింది కూడా నేనే.

రెండు మూడు రోజులకోసారి యాకమ్మ అడిగేది.

"పోరి రాలేదా? గా పుస్తకమేది వదినె?"

"ఆమెనే ఎంట పట్కపోయింది."

"సరే తియ్ వదినె."

అదే మాట. ఆ రోజు చింతపండు ముందు అన్న మాటే, అదే గొంతుతో. ఆమెకు మొదటి నుంచీ తెలుసా? తెలిసే నలభై ఏళ్ళు నా ఇంట్లో ఉందా? తెలిసి ఉంటే ఎందుకు పోలేదు? నా ముఖం నిలపడానికా? లేక ఒకసారి శకునం చెడ్డాక, అది ఎవరు చెడగొట్టినా చెడ్డదే అనుకుందా? ఒకవేళ ఏమీ తెలియక, మేదిని పాపం నీళ్ళలో కరిగిపోయిందనే నమ్ముతూ కళ్ళు మూసిందా? రెండింట్లో ఏది నయమో నాకు తెలియడం లేదు. తెలిసే కళ్ళు మూసిందంటే నేను చచ్చిన దానితో సమానం. తెలియక కళ్ళు మూసిందంటే ఆమె బతుకంతా ఒక దొంగకథ.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం పోయింది. గొంతు తడపడానికి నేను చెంచాతో నీళ్ళు పోశాను. లోపలికి పోలేదు.

కర్మలు అయ్యాక డ్రమ్ములో నుంచి పుస్తకం తీశాను. సంచికి బియ్యప్పిండి అంటుకొని ఉంది. దులిపి, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. కంటి ఆపరేషన్ అయింది కాబట్టి అక్షరం కనబడుతోంది. రోజుకు మూడు పేజీలు, నాలుగు పేజీలు. ఈ వయసుకు ఆ కథ నడక సరిపోయింది. అప్పుడు మేదిని ఏం చేస్తుందా అని ఆత్రంగా చదివాను. ఇప్పుడు ఆత్రం లేదు. బిందె తోమే భాగం దగ్గర మూడు రోజులు ఆగాను. లచ్చమ్మ కొంగు దులుపుకోవడం, యాకమ్మ ఎదురు మాట, అన్నీ ఆ పేజీలోనే ఉన్నాయి. అచ్చు వేసినవాళ్ళకు తెలియదు కానీ ఉన్నాయి.

ఇంకొకటి కూడా కనబడింది. అప్పుడు చదివినప్పుడు తాళాల పెద్దామె నా కంటికి ఆనలేదు. ఇంట్లో స్తంభం ఉన్నట్టు ఉందనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆమె ప్రతి భాగంలో ఉంది. మేదిని ఆలోచిస్తుంటే గడప దగ్గర నిలబడి ఉంటుంది. మేదిని తిన్న కంచం తీస్తుంది. కుండలవాడు వచ్చిన రోజు తలుపు కొంచెం దగ్గరికి వేస్తుంది, పూర్తిగా వేయదు. రాసినామె ఆమెను చెడ్డదని ఒక్కచోట కూడా అనలేదు. ఒక్క మాట అని ఉంటే బాగుండేది. ఎవరో చెడ్డ మనిషి గురించి చదువుతున్నాననుకొని పేజీ తిప్పేదాన్ని.

చివరి భాగం దగ్గరికి వచ్చేసరికి చలి పోయి ఎండ మొదలైంది. కోడలు చింతపండు బస్తా దించింది. మేదిని పడవ ఎక్కే వరస మీద వేలు పెట్టాను. పడవ ఒరుగుతుందని, కరిగిపోతుందని చూశాను. ఎన్నిసార్లు తలచుకున్నానో, నేను కల్పించిన చావే నాకు నిజమై కూర్చుంది. అది రాలేదు. పడవ ఒరగలేదు. మేదిని అవతల దిగింది. చాలా రోజులు ఏమీ కాలేదు. ఒక సాయంత్రం తడి కుండను ఎండకు పెడుతూ కిందికి చూస్తే, కాలి బొటనవేలు దగ్గర దారపు పోగంత నీడ.

ఆ తర్వాత అరపేజీ ఉంది. గట్టు మీద నేను చదవకుండా మూసిన అరపేజీ. చదవకుండానే పొయ్యిలో పెట్టినది. అందులో కథ మళ్ళీ ఇవతలి ఒడ్డుకు వస్తుంది. మేదిని పోయిన మర్నాడు పెద్దామె రేవులోకి వచ్చి నిలబడుతుంది. మిట్టమధ్యాహ్నం. ఆమె నీడ ఆమె కాళ్ళ దగ్గరే ఉంది, నిండుగా ఉంది. దానితో ఏదో చెప్పుకోవాలని వంగుతుంది. నీడ కూడా ఆమెతో పాటు వంగుతుంది. అంతకన్నా ఏమీ చేయదు. కథ అక్కడ అయిపోయింది.

చివరి భాగం యాకమ్మ కోసం వచ్చిందనుకున్నాను. అందులో నాకు రాసి పెట్టినది కూడా ఉంది. ఇద్దరి ముక్కా ఒక్క పొయ్యిలోనే కాల్చాను.

నిన్న మధ్యాహ్నం రేకుల కింద యాకమ్మ కూర్చునే చోట పీట వేశాను. ఎదురుగా నేను కూర్చున్నాను. కోడలు లోపల పడుకుంది. చింతపండు కుప్ప అట్లాగే ఉంది. వేలు పెట్టి చివరి భాగం పైకి చదివాను, పడవ ఎక్కిన కాడి నుంచి అరపేజీ చివరిదాకా. ఎక్కడా ఉప్పు లేదు, బెల్లం లేదు. నోరూ వేలూ ఒకే తోవలో పోయాయి. తడబడ్డాను. రెండు చోట్ల మాట కూడలేదు. గట్టు మీద కూర్చొని ముందే చదువుకొని రాలేదు కదా. ఉన్నదే చదివాను.

వినే మనిషి లేదు. పీట పీటగానే ఉంది. గంతేనా వదినె అని ఎవరూ అడగలేదు. యాకమ్మ నన్ను క్షమించిందని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మీరు క్షమించినా అది నాకు చెల్లదు, పోయింది మీ బతుకు కాదు.

గొంతు మాత్రం ఎండిపోయింది. చాలా ఏళ్ళ తర్వాత అంతసేపు పైకి చదివాను. పుస్తకం మూసి, లేచి కుండలో నీళ్ళు ముంచుకొని తాగాను. నీళ్ళు లోపలికి దిగాయి. వచ్చి కూర్చొని సుత్తె చేతిలోకి తీసుకున్నాను.